పేర్లకు చిరునామాలు

నాయనా, ఇలా వచ్చి కూర్చో. ఆ ల్యాప్‌టాప్ కాసేపు మూసెయ్. ఇందాకట్నుంచీ చూస్తున్నా. నువ్వు మూడక్షరాలు కొట్టేసరికి మిగతా పేరంతా ఎడిటరే రాసి పెడుతోంది. చుక్క పెడితే చాలు, కింద పేర్లు వరసకట్టి నిలబడుతున్నాయి. ఇది ఎక్కణ్ణించి వచ్చిందని ఒక్కరోజైనా అడిగావా? అడగవు. అందుకే నేనే చెబుతా. తొందరపడకు, అన్నం ఇంకా ఉడకలేదు.

ఎనభైల చివర్లో మా ఆఫీసులో ఒక ఫంక్షన్ ఎక్కడుందో వెతకాలంటే కాగితమే గతి. ప్రోగ్రాం మొత్తం డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద అచ్చు తీసేవాళ్ళం. రెండంచులా చిల్లులున్న వెడల్పాటి కాగితం, మడతలు మడతలుగా కిందకి దిగేది. అది ఊరికే రాదు గదా! వెనకవైపు పిల్లల లెక్కలకు పనికొస్తుందని కట్టలు కట్టలు ఇళ్ళకు మోసుకెళ్ళేవాళ్ళం. ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవారు. పాత లెడ్జరు పుస్తకంలో అక్షరక్రమంలో ఫంక్షన్ల పేర్లు, ఎదురుగా ఫైళ్ళ పేర్లు రాసుకునేవారు. ఎవరికి ఏ పేరు కావాలన్నా ఆయన బల్ల దగ్గరికెళ్ళి "గురువుగారూ" అనాల్సిందే. ఇరానీ చాయ్ తాగించందే పుస్తకం తెరుచుకునేది కాదు. చాయ్ రూపాయే గానీ, రోజుకు అరడజను మంది తాగిస్తే ఆయనకు రాత్రి నిద్రెలా పట్టేదో!

ఆ గురువుగారు చేసే పనిని బర్క్లీ విశ్వవిద్యాలయంలో అప్పటికే యంత్రానికి అప్పజెప్పేశారు. 1976లో అక్కడి విద్యార్థి బిల్ జాయ్ 'వీఐ' ఎడిటర్‌కు పునాది వేశాడు. అదే ఊళ్ళో కెన్ ఆర్నాల్డ్ 'సీట్యాగ్స్' రాశాడు. 1979లో వచ్చిన బర్క్లీ యూనిక్స్‌లో అది జనానికి అందింది. అది చేసే పని చిన్నదే. సోర్సు ఫైళ్ళన్నీ చదివి, 'ట్యాగ్స్' అనే ఫైల్లో ఒక్కో పేరుకు ఒక్కో వరస రాస్తుంది: పేరు, అది ఉన్న ఫైలు, ఆ ఫైల్లో దాన్ని పట్టుకునే గుర్తు.

ఆ మూడోదాని దగ్గర కాసేపు ఆగు, అందం అంతా అక్కడే ఉంది. గుర్తు అంటే వరస సంఖ్య అనుకుంటావు. కాదు, చాలామటుకు సోర్సు ఫైల్లో ఆ పేరున్న వరసలోని అక్షరాలనే రాసిపెడుతుంది. ఎందుకో తెలుసా? మన ఊళ్ళో పోస్టుమాన్ ఇంటి నంబరు చూసేవాడా? "వేపచెట్టు పక్కన పెంకుటిల్లు" అంటే చాలు, ఉత్తరం చేరేది. మధ్యలో నాలుగు కొత్త ఇళ్ళు లేచినా వేపచెట్టు వేపచెట్టే. అలాగే ఫైలు పైభాగంలో నువ్వు పది వరసలు కొత్తగా రాసినా సీట్యాగ్స్ గుర్తు చెడదు. అప్పటి పీడీపీ-11 యంత్రాల మీద ఒక ప్రోగ్రాం డేటాకు చేతికందే చోటు 64 కేబీ. నీ ఫోన్లో ఒక ఫోటోకు కూడా చాలదది. అంత ఇరుకులో బతికినవాళ్ళకే ఇంత పొదుపైన ఆలోచన వస్తుంది.

పైగా ఆ పేర్లన్నీ అక్షరక్రమంలో ఉంటాయి. లక్ష పేర్లున్నా సగానికి సగం కొట్టుకుంటూ పోతే పదిహేడు చూపుల్లో కావలసింది దొరుకుతుంది. వీఐలో పేరు మీద కర్సర్ పెట్టి, కంట్రోల్ పట్టుకుని కుడి బ్రాకెట్టు నొక్కితే ఆ ఫంక్షన్ ముందుకు దూకేవాళ్ళం. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఈమాక్స్ అనే ఇంకో ఎడిటర్ వాళ్ళు తమకంటూ వేరే రకం ట్యాగ్స్ ఫైలు పెట్టుకున్నారు. ఎవరి ఎడిటర్ గొప్పదని ఆ రెండు పక్షాలవాళ్ళూ పడ్డ పోట్లాటలు వియ్యాలవారి అలకలకు తీసిపోవు. అందులోకి దిగితే తెల్లారుతుంది, వదిలెయ్.

ఫంక్షన్ ఎక్కడుందో తెలిసింది, సరే. దాన్ని పిలిచేవాళ్ళెవరు? ఆ ప్రశ్నకు బెల్ ల్యాబ్స్‌లో జో స్టెఫెన్ 'సీస్కోప్' రాశాడు. నా లెక్కన ఇదే పెద్ద ప్రశ్న. ఎవరెవరు వాడుతున్నారో తెలియకుండా ఫంక్షన్‌లో చెయ్యి పెట్టకూడదు.

పేరు పూర్తిచేసే ముచ్చట ఇంకో ఇంట పుట్టింది. టెనెక్స్ అనే పాత వ్యవస్థలో సగం కొట్టిన ఆజ్ఞను యంత్రమే పూర్తి చేసేది. అది చూసి ముచ్చటపడి కెన్ గ్రీర్ యూనిక్స్ షెల్‌కు ఆ గుణం అంటించాడు. అలా వచ్చిన టీసీషెల్‌లోని 'టీ' ఆ టెనెక్స్‌దే. తరవాత 1996లో విజువల్ బేసిక్‌తో ఇంటెలిసెన్స్ వచ్చింది, చుక్క పెడితే జాబితా దిగడం మామూలైపోయింది.

ఆ రోజుల్లోనే మన అమీర్‌పేట సందుల్లో కోచింగు బోర్డులు లేచాయి. 2000 సంవత్సరం తెచ్చిన తేదీల గండం గట్టెక్కించడానికి మన పిల్లలు బోలెడుమంది విమానాలెక్కారు. ఆ పనిలో సగం వెతుకులాటే, పాత కోబాల్ ప్రోగ్రాముల్లో తేదీ ఎక్కడెక్కడ దాక్కుందో పట్టుకోవడం. ఎప్పుడో ఒక మహానుభావుడు తేదీకి 'టెంప్' అని పేరుపెట్టి రిటైరై వెళ్ళిపోయాడు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు! ఇలాంటిచోట ఏ సూచికైనా ఏం చేస్తుంది? అది పేరునే చూస్తుంది గానీ, పెట్టినవాడి మనసును చూడదు గదా.

సరే, చివరికొచ్చేద్దాం. పది ఎడిటర్లు, ఇరవై భాషలు ఉంటే, ప్రతి ఎడిటర్‌కూ ప్రతి భాషా తెలియాలంటే ఒక్కో జంటకు ఒక్కో వంతెన చొప్పున రెండు వందలు కట్టాలి. 2016లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు అందరూ మాట్లాడుకునేందుకు ఒక ఒప్పందం బయటపెట్టారు, లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ అని. ఇప్పుడు ఎడిటర్‌కు ఒకటి, భాషకు ఒకటి చొప్పున ముప్పై ముక్కలు చాలు. నీ ఎడిటర్ వెనక నడిచేది అదే.

రేపు ఆఫీసుకెళ్ళాక నీ ప్రాజెక్టు మీద సీట్యాగ్స్ ఒకసారి నడుపు. ట్యాగ్స్ ఫైలు తెరిచి చదువు, మామూలు అక్షరాలే ఉంటాయి. పేరు చూసి పనేమిటో చెప్పలేని ఫంక్షన్లు అందులో ఎన్నున్నాయో లెక్కపెట్టి, ముందు వాటి పేర్లు మార్చు.