సముద్రం జరిగిన ఊరు

మా గద్వాల వైపు తుమ్మిళ్ల దగ్గర తుంగభద్ర ఇసుకను లారీలకెత్తడం చూసి పెరిగానేమో, సింగపూర్ చరిత్ర నాకు ఇసుక లెక్కగానే అర్థమవుతుంది.

1819లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ రేవు పెట్టారు. 1822లోనే వాళ్ల అధికారి రాఫెల్స్ ఓ గుట్టను తవ్వించి, ఆ మట్టితో నది ఒడ్డు బురదనేల పూడ్పించాడు. ఆ పని ఇప్పటికీ ఆగలేదు. 1960లలో దేశమంతా కలిపి 580 చదరపు కిలోమీటర్ల చిల్లర. ఇప్పుడు 730 దాటింది.

తెలోక్ ఆయర్ వీధికి పోతే సంగతి తెలుస్తుంది. 1840 ప్రాంతంలో చీనావాళ్లు కట్టిన థియన్ హాక్ కెంగ్ గుడి, అంతకు పదేళ్ల ముందే మన తూర్పుతీరపు ముస్లింలు కట్టిన నాగూరు దర్గా, రెండూ అప్పట్లో ఒడ్డునే ఉండేవి. ఓడ దిగినవాడు దిగినట్టే వెళ్లి మొక్కు తీర్చుకునేవాడు. ఇవాళ గడపలో నిలబడితే ఎదురుగా కనిపించేవి మేడలే. శ్రీశైలం డ్యాం నీళ్లొస్తున్నాయని మన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి ఆలంపూర్ చేర్చారు. ఇక్కడ గుడి కదల్లేదు, సముద్రమే జరిగింది.

సింగపూర్ ఈస్ట్ కోస్ట్ ఒడ్డు కథ వేరు. 1966 నుంచి బెడోక్ గుట్టలు తవ్వి, ఆ మట్టిని కన్వేయర్ బెల్టుల మీద తెచ్చి సముద్రంలో పోశారు. పోసింది పోసినచోట ఉంటుందా? ఏటవాలుగా వచ్చే అల ఇసుకను ఒడ్డు వెంబడే ఈడ్చుకుపోతుంది. రేవు గోడ అడ్డొస్తే ఒక పక్క మేట, రెండో పక్క కోత. అందుకని దూరం దూరంగా రాళ్ల కట్టలు వేసి, నడుమ ఇసుకను అలలకే వదిలేశారు. అవి కొరికి కొరికి అర్ధచంద్రాకారపు ఒడ్లు చేసుకుని అక్కడికి శాంతించాయి. ఆదివారాలు మనవాళ్లు బిర్యానీ డబ్బాలతో కూర్చునేది ఆ ఒంపుల్లోనే.

సొంత గుట్టలు చాలక ఇసుక బయటి నుంచి తెచ్చుకున్నారు. మలేషియా 1997లో అమ్మకం ఆపింది. ఇండోనేషియా 2003లో సముద్రపు ఇసుక, 2007లో నేల మీది ఇసుక ఆపింది. కంబోడియా వంతు 2017లో వచ్చింది. ఇండోనేషియా సరిహద్దుకు గుర్తుగా ఉన్న నీపా దీవి తవ్వకాలతో దాదాపు మునిగింది. ఇక్కడ పెరిగిన నేలను గొప్పగా చెప్పేవాళ్లు నీపా మాటెత్తగా నేను వినలేదు. వాగులో ఇసుక పోయి బోర్లు ఎండిన ఊళ్లవాళ్లకు ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు.

ఇసుక పిరమైంది కనుక టెకాంగ్ దీవి దగ్గర డచ్చివాళ్ల పద్ధతి పట్టారు. సముద్రంలో కట్ట పోసి, లోపలి నీళ్లు తోడేసి, సముద్రమట్టం కన్నా కిందున్న నేలనే వాడుకుంటారు. వాన పడ్డప్పుడల్లా పంపులు ఆడాలి. ఇసుక మాత్రం తక్కువ పడుతుంది.