రెండు పసుపు కమానులు, ఒక టెన్నిస్ కోర్టు

మొన్నామధ్య మా ఊరి (అమెరికాలో ఓ చిన్న ఊరు లెండి) ప్లానింగ్ బోర్డు మీటింగుకి వెళ్ళాను. మనవాళ్ళెవరో మెయిన్ రోడ్డు మూలమీదున్న ఖాళీ స్థలంలో టిఫిన్ల హోటల్ కట్టుకుంటామని ప్లాన్లు పెట్టుకున్నారు. నలభై నిమిషాలు పైకప్పు వాలు మీదా, గోడ రంగు మీదా చర్చ. ముందున్న గోపురం లాంటి ద్వారం ఊరి వాలకానికి నప్పదన్నారు. కార్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయన్నదానికి మాత్రం అయిదు నిమిషాలు! నేను గొణుక్కుంటూ ఇంటికొచ్చేసాను. అప్పట్నుంచీ మెక్‌డొనాల్డ్స్ కథే గుర్తొస్తోంది.

రిచర్డ్, మారిస్ మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు 1948లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో తమ హోటల్ని కొన్నాళ్ళు మూసేసి, కార్ల దగ్గరికి వెళ్ళి వడ్డించే అమ్మాయిల్ని మానిపించి, మెనూ కుదించి, 15 సెంట్ల హాంబర్గర్‌తో మళ్ళీ తెరిచారు. జనం విరగబడ్డారు. కొన్నేళ్ళకి కొత్త భవనం కావాల్సొచ్చింది. అప్పుడు వాళ్ళు చేసిన పని నాకు మహా ఇష్టం. ఇంటి వెనక టెన్నిస్ కోర్టు మీద వంటగది మొత్తాన్ని సుద్దముక్కతో అసలు కొలతల్లోనే గీసారు. రాత్రి డ్యూటీ దిగిన కుర్రాళ్ళని పిలిచి, ఉత్తుత్తి బర్గర్లు చేయించారు. ఎవడు ఎటు తిరుగుతున్నాడో, ఎవడికి ఎవడు అడ్డొస్తున్నాడో చూసి, పొయ్యి ఇక్కడ, బల్ల అక్కడ అని చెరిపి మళ్ళీ గీసారు. కాగితం మీదకి ఎక్కించేలోపు ఆ రాత్రి వానొచ్చి అంతా తుడిచిపెట్టుకుపోయింది. మళ్ళీ మొదట్నుంచీ! (బ్యాకప్ తీసుకోని పాపానికి నేనూ ఇలాంటివి పడ్డాను.)

నన్నడిగితే ప్లాన్ పరిశీలన అంటే అది. బొమ్మని చూడ్డం కాదు, అందులో మనుషుల్ని నడిపించి చూడ్డం.

ఇక బయటి రూపం. రోడ్డు మీద పోయేవాడికి దూరం నుంచే కనపడాలని భవనానికి చెరోపక్కా ఓ కమాను కావాలన్నాడు రిచర్డ్. మొదట అడిగిన ఆర్కిటెక్టులు ఒప్పుకోలేదు. చివరికి స్టాన్లీ మెస్టన్ ఒప్పుకుని, ఆ గుండ్రటి గీతల్ని ఎత్తైన పారాబొలాలుగా మార్చాడు. సైన్‌బోర్డుల పనివాడు జార్జ్ డెక్స్టర్ వాటికి పసుపు రంగూ, నియాన్ దీపాలూ తగిలించాడు. 1953లో మొదటిది అరిజోనాలోని ఫీనిక్స్‌లో లేచింది. అదే ఏడాది ఆగస్టులో లాస్ ఏంజెలెస్ దగ్గర డౌనీలో ఇంకోటి.

సరిగ్గా మరుసటేడాది, 1954లో, బెర్మన్ వర్సెస్ పార్కర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఊరు అందంగా వుండాలని చూడడం కూడా ప్రభుత్వం పనేనంది. అది వాషింగ్టన్‌లో పాత పేటలు కొట్టేసే గొడవ. హోటళ్ళకీ దానికీ సంబంధం లేదు. కానీ "ఇది చూడ్డానికి బాగోలేదు" అనే మాటకి చట్టంలో బలం దొరికింది. 1964లో పీటర్ బ్లేక్ అనే ఆర్కిటెక్టు, రోడ్ల పక్కనున్న ఇలాంటి కట్టడాలు దేశాన్ని చెత్తకుప్ప చేసేస్తున్నాయని ఏకంగా పుస్తకమే రాసాడు. 1960ల చివరికొచ్చేసరికి కంపెనీ కూడా దారికొచ్చింది. కొత్త హోటళ్ళకి కమానులు పోయి, ఇటుక గోడలూ, బుద్ధిమంతుడి టోపీలాంటి వాలు కప్పూ వచ్చాయి. కమానులు బోర్డు మీద ఎం అక్షరంగా మిగిలాయి. 1993లో అరిజోనాలోని సెడోనా, పసుపు మా ఎర్రకొండలకి నప్పదని, ఆ ఎం కూడా నీలిపచ్చ రంగులో పెట్టించింది. దాన్ని చూడ్డానికి ఇప్పుడు టూరిస్టులొస్తారు!

అసలు తమాషా డౌనీలో జరిగింది. పాత కమానుల హోటల్ అక్కడ ఎలాగో బతికిపోయింది. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపంలో దెబ్బతింటే కంపెనీ మూసేసింది. లోపల కూర్చునే చోటు లేదు, డ్రైవ్‌త్రూ లేదు. పడగొడతారేమోనని జనం గోల పెట్టారు. చారిత్రక కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్టు, ఆ ఏడాది దేశంలో ప్రమాదంలో పడ్డ 11 చోట్ల జాబితాలో దీన్నీ చేర్చింది. 1996లో బాగుచేసి మళ్ళీ తెరిచారు. పెద్దమనుషులు చెత్త అన్నది నలభై ఏళ్ళలో వారసత్వ సంపద అయిపోయింది.

మొహం మీద ఇంత రభస జరుగుతుంటే, ఊళ్ళని నిజంగా మార్చేసింది ఇంకోటి. 1975లో అరిజోనాలోని సియెర్రా విస్టాలో మెక్‌డొనాల్డ్స్ మొదటి డ్రైవ్‌త్రూ కిటికీ తెరిచారు. పక్కనే సైనిక స్థావరం, పని దుస్తుల్లో వున్న సైనికులు బయట కారు దిగకూడదని నియమం. వాళ్ళకోసం గోడకి కొట్టిన కన్నం అది. ఆ ఒక్క కన్నంతో స్థలం ప్లానే తలకిందులయ్యింది. భవనం చుట్టూ కార్ల వరస, రోడ్డు మీదకి తోక, నడిచేవాడికి అడుగడుగునా అడ్డం. కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పో 1982లోనే ఇవి వద్దంది. మినియాపొలిస్ కొత్తవాటిని ఆపడానికి 2019 దాకా పట్టింది. మధ్యలో ఎన్ని బోర్డులు ఎన్ని కప్పుల వాలు కొలిచాయో!

అలాగని రూపాన్ని అసలు చూడొద్దని కాదు. న్యూయార్క్ శివారు న్యూ హైడ్ పార్కులో 1795 నాటి డెంటన్ ఇంటిని పడగొట్టి మెక్‌డొనాల్డ్స్ కట్టబోతే, ఊరివాళ్ళు పోట్లాడి 1987లో దానికి రక్షణ తెచ్చారు. 1991 నుంచి ఆ ఇంట్లోనే హోటల్ నడుస్తోంది. అక్కడ పోయేది పాత ఇల్లు, పోతే మళ్ళీ రాదు. మా ఊళ్ళో మూలస్థలంలో వున్నది గడ్డీ, పగిలిన సిమెంటూనూ.

నిన్న సవరించిన ప్లాన్లు చూసాను. గోపుర ద్వారం తీసేసారు, గోడలకి మట్టిరంగు వేస్తారట. పార్సిళ్ళ కిటికీ ముందు కార్ల వరస మాత్రం అలాగే వుంది, బడిపిల్లలు నడిచే కాలిబాటకి సరిగ్గా అడ్డంగా. వచ్చే నెల రెండో విచారణ. మాట్లాడేవాళ్ళ జాబితాలో పేరిచ్చాను. మూడు నిమిషాలిస్తారు. సుద్దముక్క తీసుకెళ్తే రానిస్తారో లేదో :)