మా చెరువు చేపలు – ఫారంలో లేని లెక్క

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయమేదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర నాకు రాదు. గుమాస్తాగా నేను కాగితాల మీద చూసిన చేపల చరిత్ర వ్రాస్తున్నాను.

మా చిన్నతనంలో సత్తెనపల్లి చుట్టుపక్కల చెరువులు వేసవిలో అడుగంటితే కొరమేను, వాలుగ, జెల్ల, ఇంగిలాయి, పరిగెలు గంపలకొద్దీ దొరికేవి. వాటిని ఎవరూ పెంచలేదు. వానలతో వచ్చేవి.

1952లో ఆఫ్రికా జాతి తిలాపియాను మన దేశానికి తెచ్చారు. మనం జిలేబీ చేప అంటాం. పేదవానికి చౌకగా చేప అందాలన్నది సదుద్దేశమే. కాని అది రెండు మూడు నెలలకే గుడ్లు పెడుతుంది. తల్లి గుడ్లను, పిల్లలను నోట్లో దాచి కాపాడుతుంది. అందువల్ల చెరువంతా అదే నిండి, మిగతా చేపలకు మేత కరువవుతుంది. రాజస్థాన్ జైసమంద్ సరస్సులో ఇది పెరిగాక బొచ్చె, శీలావతి వంటి చేపల సగటు బరువు తగ్గింది. 1959లోనే దీని వ్యాప్తి వద్దని మత్స్య పరిశోధన సంఘం చెప్పింది. అయినా ఆగలేదు. 1967లో సాగర్ కుడికాలువ పారింది. కాలువ నీరు చేరిన చెరువుకు చేప చేరడం ఎంతసేపు?

నేరమంతా జిలేబీదే అనను. మన పత్తి, మిరప చేలకు కొట్టిన ఎండోసల్ఫాన్ వంటి మందులు చేపలకు విషమే.

నేను చెరువు వేలం ఫైళ్లు చూసేవాణ్ణి. పాట మొత్తం, డిపాజిట్, గడువు, వదిలిన చేపపిల్లల సంఖ్య – అన్నిటికీ గడులుండేవి. ఒకనాడు ఒక ముసలి జాలరి వచ్చి, "బాబూ, ఇంగిలాయి వలలో పడి మూడేళ్లయింది, వ్రాసుకోండి" అన్నాడు. "ఫారంలో దానికి గడి లేదయ్యా" అన్నాను. అతను మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఫైలు మార్జిన్‌లోనైనా ఒక ముక్క వ్రాసి ఉండవలసింది. ఆ తప్పు నాదే.

ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను 2000లో నిషేధించారు. ఇప్పుడు గాజుతొట్టెల్లో పెంచే సక్కర్ చేప చెరువుల్లో పడి దెయ్యం చేప అనిపించుకుంటున్నది. మీ మనుమలు విసుగెత్తి అటువంటి చేపలను చెరువులో వదలబోతే దయచేసి ఆపండి.

ఇంకొక మనవి. మీ ఊరి చెరువులో ఒకప్పుడుండి ఇప్పుడు కనబడని చేపల పేర్లు ఒక కార్డు మీద వ్రాసి సంఘానికి పంపండి. ఆ జాబితా నేను తయారుచేస్తాను. మొదటి పేరు ఇంగిలాయి.