నిరుద్యోగ బీమా: వరంగల్ కార్మికుల అర్హత

ఉద్యోగం పోయిన కార్మికుడికి కొంతకాలం నగదు భృతి ఇచ్చే ఏర్పాటే నిరుద్యోగ బీమా. మన దేశంలో దీనికి విడిగా చట్టం లేదు. 1948 నాటి చట్టంతో ఏర్పడిన ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) సంస్థ పథకాలే ఆ లోటు తీరుస్తూ వచ్చాయి. అందుకే వరంగల్‌లో ఈ భృతికి ఎవరు అర్హులో తెలియాలంటే, ఎవరి పేరిట ఈఎస్ఐ చందా జమైందో చూడాలి.

నెల జీతం 21,000 రూపాయలు మించనివారికి ఈఎస్ఐ వర్తిస్తుంది. 2019 జూలై నుంచి యాజమాన్యం వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం.

ఈఎస్ఐ భృతి పథకాల్లో ముఖ్యమైనది 2018 జూలై 1న మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. పని పోయేనాటికి కార్మికుడు కనీసం రెండేళ్లు బీమా ఉన్న ఉద్యోగంలో ఉండాలి. చందా లెక్కను ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని ఆరేసి నెలల విడతలుగా చూస్తారు. మొదట్లో వరుసగా నాలుగు విడతల్లోనూ కనీసం 78 రోజుల చొప్పున చందా ఉండాలనేవారు. కోవిడ్ వచ్చాక, 2020లో, చివరి విడతలోనూ, దానికి ముందరి మూడింటిలో ఏదో ఒకదానిలోనూ ఉంటే చాలన్నారు. సగటు రోజు సంపాదనలో 25 శాతంగా ఉన్న భృతిని 50 శాతం చేశారు. పని పోయాక దరఖాస్తుకు 90 రోజులు ఆగాల్సి ఉండగా, 30 రోజులు ఆగితే చాలన్నారు. యజమాని సంతకం కోసం తిరిగే పని లేకుండా కార్మికుడే నేరుగా దరఖాస్తు చేసుకునే వీలు కల్పించారు. అన్నిటికన్నా మేలైన మార్పు ఇదే. ఈ సడలింపులను తర్వాత పలుమార్లు పొడిగించారు. 50 శాతం లెక్కన, రోజుకు సగటున 500 రూపాయలు సంపాదించినవారికి 90 రోజులకు 22,500 రూపాయలు అందుతాయి. అయితే జీవితంలో మొత్తం 90 రోజులకే ఈ భృతి. దుష్ప్రవర్తనపై తొలగించినవారికి, పదవీ విరమణ చేసినవారికి, స్వచ్ఛందంగా తప్పుకున్నవారికి ఇది రాదు.

2005 ఏప్రిల్ 1న వచ్చిన రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన ఇంకా పాతది. ఫ్యాక్టరీ మూతపడినా, సిబ్బంది తగ్గింపులో (రిట్రెంచ్‌మెంట్) పని పోయినా, పనితో సంబంధంలేని గాయంవల్ల 40 శాతానికి తగ్గని శాశ్వత వైకల్యం కలిగినా అది వర్తిస్తుంది.

1934లో నిజాం పాలనలో వెలసి, వరంగల్‌కు పారిశ్రామిక నగరమన్న పేరు తెచ్చిన ఆజంజాహీ మిల్లు ఈ రెండు పథకాలూ పుట్టకముందే మూతపడింది. అక్కడి కార్మికులు స్వచ్ఛంద పదవీ విరమణ (వీఆర్ఎస్) తీసుకుని బయటికి వచ్చారు. పైగా ఇలా తప్పుకున్నవారిని నేటి నిబంధనలు కూడా అనర్హులుగానే చూస్తాయి. మిల్లు మునిగిపోతున్నప్పుడు పెట్టే సంతకాన్ని స్వచ్ఛందమనడం అన్యాయం.

ఇక వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్లో మిర్చి, పత్తి బస్తాలు మోసే హమాలీలు, భవన నిర్మాణ కూలీలు, ఇళ్లలో బీడీలు చుట్టే మహిళల్లో ఎక్కువమందికి ఈఎస్ఐ నంబరే లేదు. బీడీ కార్మికులకు రాష్ట్రం ఇచ్చే జీవనభృతి వేరు; అది పని పోయినప్పుడు వచ్చే బీమా కాదు.

గీసుగొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో గానీ మరెక్కడ గానీ కొత్తగా చేరేవారు జీతం చీటీలో ఈఎస్ఐ కోత ఉందో లేదో చూసుకోవాలి. కోత ఉంటే ఆ సొమ్ము తమ బీమా నంబరులో జమవుతోందో లేదో ఉద్యోగం ఉన్నప్పుడే సరిచూసుకోండి.