క్వారీ టిప్పర్‌కు ఏ టైరు మేలు? పంక్చర్లు తగ్గాలంటే కొనేముందు చూడాల్సినవి

టిప్పర్ మీద బతికే కుటుంబానికి డీజిల్ తర్వాత పెద్ద ఖర్చు టైర్లే. హైవే మీద తిరిగే లారీ టైరు చాలావరకు అరిగి అరిగి పోతుంది. క్వారీలో, క్రషర్ దగ్గర, గని రోడ్డు మీద తిరిగే టైరు మాత్రం అరగకముందే కోతలు పడి పోతుంది. సగం ట్రెడ్ మిగిలి ఉండగానే పక్కన పడేస్తే ఆ సగం డబ్బు మట్టిపాలే. బండి ఆగిన రోజు ట్రిప్పు డబ్బులు రావు, ఈఎంఐ మాత్రం ఆగదు. తెలుగు రాష్ట్రాల్లో డ్రైవర్లుగా, ఒకటి రెండు బండ్ల ఓనర్లుగా, పంక్చర్ షాపులు, మెకానిక్ షెడ్లు నడుపుకుంటూ బతుకుతున్న ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. టైరు ఎంపికలో జరిగే పొరపాటు నేరుగా ఈ ఇళ్ల నెల బడ్జెట్ మీదే పడుతుంది.

పంక్చర్ కాని టైరు ఉంటుందా?

గాలితో నడిచే లారీ టైర్లలో పంక్చర్ అసలే కానిది లేదు. ఫ్యాక్టరీల్లో తిరిగే ఫోర్క్‌లిఫ్టులకు గట్టి రబ్బరు టైర్లు వాడతారు. నిదానంగా కదిలే కొన్ని లోడర్ల టైర్లలో గాలికి బదులు ఫోమ్ నింపుతారు. ఇవి బరువు ఎక్కువ, వేగంగా తిరిగితే వేడెక్కుతాయి. అందుకే లోడుతో రోడ్డెక్కే టిప్పర్‌కు ఇవి పనికిరావు. ఎవరైనా "పంక్చర్ ప్రూఫ్" అని చెప్పి టిప్పర్ టైరు అమ్మితే, ఆ మాటకు అర్థం "పంక్చర్లు తక్కువ" అనే తీసుకోవాలి.

ముందు పాత టైర్లు చూడాలి

కొత్త టైరు కోసం షాపుకు వెళ్లేముందు షెడ్డులో పడి ఉన్న పాత టైర్లను ఒకసారి తిప్పి చూడాలి. ఏ కంపెనీ మంచిదన్న ప్రశ్నకంటే, పాతవి ఎలా పోయాయన్న ప్రశ్నే ఎక్కువ పనికొస్తుంది. టైరు పోవడానికి ముఖ్యంగా నాలుగు దారులు ఉంటాయి.

మొదటిది, నేలకు ఆనే ట్రెడ్ మీద కోతలు పడి, రబ్బరు ముక్కలుగా రాలిపోవడం. రెండోది, సైడ్‌వాల్, అంటే టైరు పక్క భాగం, రాయి అంచుకు చీరుకుపోవడం. మూడోది, వేడికి లోపలి పొరలు విడిపోయి ఉబ్బడం. నాలుగోది, మామూలు అరుగుదల. ఒక బండికి పోయిన టైర్లన్నీ ఇలా నాలుగు వరుసలుగా పెట్టి చూస్తే, ఏ వరుస పెద్దదో తెలిసిపోతుంది. ఎంపిక అక్కడినుంచి మొదలవ్వాలి.

నైలానా, రేడియలా?

మన దగ్గర పది టైర్ల టిప్పర్లలో 10.00-20, 11.00-20 సైజులు ఎక్కువగా కనిపిస్తాయి. సైజు మధ్యలో గీత ఉంటే అది నైలాన్ టైరు. 10.00 ఆర్ 20 అని ఉంటే రేడియల్.

నైలాన్ టైరులో దారాల పొరలు ఒకదానిమీద ఒకటి ఐమూలగా, ట్రెడ్ కిందనుంచి సైడ్‌వాల్ దాకా వెళ్తాయి. అందుకే దాని సైడ్‌వాల్ మందంగా ఉంటుంది, రాయి గుచ్చుకున్నా కొంత తట్టుకుంటుంది. కానీ పొరలు ఒకదానితో ఒకటి రాసుకుని వేడి ఎక్కువ పుడుతుంది. డీజిల్ కూడా ఎక్కువ తాగుతుంది.

స్టీల్ రేడియల్‌లో ట్రెడ్ కింద ఉక్కు తీగల బెల్టులు ఉంటాయి. మేకు, రాయి మొన లాంటివి కిందనుంచి గుచ్చుకున్నప్పుడు ఈ బెల్టులు బాగా అడ్డుకుంటాయి. చల్లగా నడుస్తుంది, అరుగుదల తక్కువ. బలహీనత సైడ్‌వాల్ దగ్గర. అక్కడ పొర పలుచన, పైగా బరువుకు పక్కకు ఉబ్బుతుంది. రాయి అంచు సరిగ్గా అక్కడే తగులుతుంది.

కాబట్టి పాత టైర్లు ట్రెడ్ కోతలతో పోతుంటే రేడియల్ లాభం. సైడ్‌వాల్ చీలికలతో పోతుంటే నైలాన్ గానీ, సైడ్‌వాల్‌కు అదనపు రబ్బరు రక్షణ ఉన్న మైనింగ్ రకం రేడియల్ గానీ చూడాలి. ఒకే యాక్సిల్ మీద నైలాన్, రేడియల్ కలిపి వేయకూడదు.

ట్రెడ్, రబ్బరు

నిలువు గీతల టైరు ముందు చక్రాలకు, తారు రోడ్డుకు సరిపోతుంది. వెనక చక్రాలకు రాతి నేల మీద మందపాటి అడ్డ దిమ్మల లగ్ టైరు కావాలి. దిమ్మల మధ్య ఖాళీ మరీ ఎక్కువగా ఉంటే ఆ సందులోనే రాయి గుచ్చుకుంటుంది. గాడి అడుగున చిన్న రబ్బరు గట్లు ఉన్న టైర్లు దొరుకుతాయి. ఇరుక్కున్న రాయిని ఇవి బయటికి నెడతాయి. క్రషర్ కంకర మోసే బండ్లకు ఇది చాలా అవసరం. గాడిలో ఇరుక్కున్న చిన్న రాయి ప్రతి చుట్టుకూ లోపలికి దిగి, కొన్ని రోజుల్లో బెల్టు దాకా పోతుంది.

రబ్బరులోనూ తేడాలు ఉన్నాయి. కోతను తట్టుకునే రబ్బరు ఎక్కువ వేడెక్కుతుంది. వేడిని తట్టుకునే రబ్బరు కోతకు కాస్త మెత్తన. రెండూ పూర్తిగా ఒకే టైరులో దొరకవు. రోజంతా క్వారీలోనే తిరిగే బండికి కోతను తట్టుకునే రకం మంచిది. క్వారీనుంచి ముప్పై నలభై కిలోమీటర్లు తారు రోడ్డు మీద లోడుతో వెళ్లే బండికి అదే టైరు వేస్తే ఎండాకాలంలో పొరలు విడిపోయే ప్రమాదం ఉంది. అలాంటి బండికి రెండు రకాల రోడ్లకూ చేసిన టైరు అడగాలి.

రాయిని బట్టి టైరు

చీమకుర్తి, కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో పగిలిన బండల అంచులు గట్టిగా, పదునుగా ఉంటాయి. లోడింగ్ పాయింట్ దగ్గర రివర్స్ తీసేటప్పుడే సైడ్‌వాల్ చీలికలు ఎక్కువ. తాండూరు, బేతంచెర్ల వైపు నాపరాయి పొరలుగా విడిపోతుంది, ముక్క నిలువుగా నిలబడితే కత్తిలాగే కోస్తుంది. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో కథ వేరు. అక్కడ లోతునుంచి పైకి లోడుతో పొడవాటి చడావు ఎక్కాలి, ట్రిప్పుల మీద ట్రిప్పులు ఉంటాయి. కోతతోపాటు వేడి కూడా టైరును తింటుంది. ఒక ఊళ్లో బాగా నడిచిన టైరు ఇంకో ఊళ్లో మూడు నెలలకే పోవడానికి కారణం ఇదే.

వానాకాలంలో అన్ని చోట్లా కోతలు పెరుగుతాయి. తడి రబ్బరును రాయి సులువుగా కోస్తుంది. నీటి కింద రాళ్లు డ్రైవర్‌కు కనిపించవు కూడా. అందుకే బాగా అరిగిన టైర్లను వానలకు ముందే మార్చడం మంచిది.

సైడ్‌వాల్ మీద రాతలు

16పీఆర్, 18పీఆర్ అన్నవి బలానికి గుర్తులు. లోపల అన్ని పొరలు ఉన్నాయని అర్థం కాదు. 146/143 లాంటి అంకెలు లోడ్ ఇండెక్స్. 146 అంటే ఒంటరి టైరుకు 3,000 కిలోలు, 143 అంటే జోడు టైర్లలో ఒక్కోదానికి 2,725 కిలోలు. పక్కనున్న అక్షరం వేగానికి: ఎఫ్ అంటే గంటకు 80 కిలోమీటర్లు, జె అంటే 100, కె అంటే 110. చివర నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 1425 అని ఉంటే 2025లో 14వ వారం. ఐఎస్ఐ గుర్తు లేని కొత్త టైరు కొనకూడదు, ఆ గుర్తు చట్టప్రకారం తప్పనిసరి. లారీ టైరు ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే నడపడం నిబంధనలకు విరుద్ధం. రాతి నేల మీద అంతదాకా ఆగితే ముందే పగులుతుంది.

గాలి తేడా అయితే ఏ టైరూ నిలవదు

గాలి తగ్గితే సైడ్‌వాల్ ఉబ్బి రాళ్లకు దొరుకుతుంది, జోడు టైర్లు ఒకదానికొకటి రాసుకుని వేడెక్కుతాయి. గాలి ఎక్కువైతే ట్రెడ్ డప్పులా బిగుసుకుని, రాయి మీదికి ఎక్కగానే పగులుతుంది. కంపెనీ చార్టు ప్రకారం లోడుకు తగిన గాలి, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు గేజీతో చూసి పట్టాలి. సుత్తితో కొట్టి చూస్తే సరైన గాలి తెలియదు. జోడులో లోపలి టైరును చాలామంది వదిలేస్తారు. అందులో గాలి తగ్గితే బరువంతా బయటి టైరు మోస్తుంది, చివరికి రెండూ పోతాయి. జోడు మధ్య ఇరుక్కున్న రాయిని ప్రతి ట్రిప్పు తర్వాత తీసేయాలి.

చిన్న కోతే కదా అని వదిలేయడం కూడా నష్టమే. రేడియల్‌లో కోత ఉక్కు దాకా దిగితే నీళ్లు పోయి తీగలు తుప్పు పడతాయి, ట్రెడ్ ఊడొస్తుంది. వెంటనే వల్కనైజింగ్ చేయిస్తే టైరు నిలబడుతుంది. ట్యూబ్‌లెస్ టైర్లలో పోసే సీలెంట్ మేకు రంధ్రాలకు పనిచేస్తుంది. రాయి కోసిన చీలికకు పనిచేయదు.

ధర చూడాలా, గంట లెక్క చూడాలా?

అర్థం కావడానికి ఒక ఊహా లెక్క. ఒక టైరు రూ.20,000, నడిచేది 1,000 గంటలు. గంటకు రూ.20. ఇంకోటి రూ.26,000, నడిచేది 1,500 గంటలు. గంటకు రూ.17.33. ఖరీదైనదే చవక అయింది. కానీ అదే టైరు 800 గంటలకే సైడ్‌వాల్ చీలి పోతే గంటకు రూ.32.50 పడుతుంది. అంటే లోతైన ట్రెడ్‌కు పెట్టిన డబ్బు, టైరు చీలకుండా నిలిస్తేనే తిరిగొస్తుంది.

ఈ లెక్క తేలాలంటే ఒక చిన్న నోట్‌బుక్ చాలు. టైరు నంబరు, వేసిన తేదీ, ఏ చక్రం, తీసిన తేదీ, పోయిన కారణం రాయాలి. ఆరు నెలల రాత, డీలర్ చెప్పే మాటకంటే నమ్మకమైనది.

2025 సెప్టెంబర్ 22నుంచి కొత్త లారీ టైర్ల మీద జీఎస్టీ 28నుంచి 18 శాతానికి తగ్గింది. పక్కా బిల్లు తీసుకోవాలి, బిల్లు లేకపోతే వారంటీ అడగడం కష్టం. వారంటీ సాధారణంగా తయారీ లోపానికే వస్తుంది, రాయి కోతకు రాదు. రీట్రెడ్ చేయించాలంటే సైడ్‌వాల్ బాగున్న టైరునే ఇవ్వాలి, దాన్ని ముందు చక్రాలకు వేయకూడదు.

టైరు విప్పేటప్పుడు ప్రాణం ముఖ్యం

లాక్ రింగు ఉన్న రిమ్ముల్లో గాలి ఒత్తిడికి రింగు ఎగిరి తగిలితే మనిషి బతకడం కష్టం. ఈ పనిలో చాలాచోట్ల చిన్న వయసు కుర్రాళ్లే ఉంటారు. నట్లు వదులు చేసేముందు వాల్వు పిన్ను తీసి, జోడులో రెండు టైర్ల గాలీ పూర్తిగా వదలాలి. గాలి పట్టేటప్పుడు టైరును ఇనుప బోనులో పెట్టాలి, పైపు పొడవుగా ఉండాలి, మనిషి రింగుకు ఎదురుగా నిలబడకుండా పక్కకు ఉండాలి. వంగిన, తుప్పు పట్టిన రింగును సుత్తితో సరిచేసి మళ్లీ వేయకూడదు. టైరు ఉండగా రిమ్ముకు వెల్డింగ్ చేయనే కూడదు, ఆ వేడికి టైరు పేలుతుంది. గాలి బాగా తగ్గి కొంత దూరం నడిచిన టైరుకు అలాగే గాలి పట్టకుండా, విప్పి లోపల చూశాకే పట్టాలి. ట్రిప్పుకు ఆలస్యమవుతోందని ఓనర్ గానీ డ్రైవర్ గానీ ఈ జాగ్రత్తలు వదిలేయమని కుర్రాడిని తొందరపెట్టకూడదు.