కాలేయ గాయం, మచ్చలు: నేడున్న చికిత్సలు, రేపటి ఆశలు

శరీరంలోని అవయవాలలో దెబ్బతిన్న పిమ్మట తిరిగి పెరిగే శక్తి కాలేయానికి అధికం. అయితే మద్యం, హెపటైటిస్ బి, సి వైరస్‌లు, స్థూలకాయం, మధుమేహాలతో చేరే కొవ్వు ఏళ్ల తరబడి గాయపరుస్తూ ఉంటే ఆ శక్తి చాలదు. అప్పుడు కాలేయంలోని స్టెల్లేట్ కణాలు పీచు పదార్థాన్ని పేరుస్తాయి. ఈ మచ్చకట్టడమే ఫైబ్రోసిస్. అది కాలేయమంతటా వ్యాపించి, కణజాలం బుడిపెలుగా మారితే సిర్రోసిస్ అంటారు.

పడిన మచ్చ ఇక పోదని పూర్వం వైద్యులు భావించేవారు. గాయానికి మూలమైన కారణాన్ని తొలగిస్తే చాలామందిలో మచ్చ తగ్గగలదని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. అందువల్ల చికిత్స కారణాన్ని బట్టి ఉంటుంది.

హెపటైటిస్ సి సోకినవారిలో అత్యధికులకు సాధారణంగా 12 వారాల మాత్రలతో నయమవుతుంది. హెపటైటిస్ బి వైరస్‌ను టెనోఫోవిర్, ఎంటెకావిర్ మందులు అణచి ఉంచుతాయి. వైద్యుని సలహా లేకుండా వీటిని మానరాదు. 2018 జులై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. జార్ఖండ్‌లోని జుగ్సలాయి, జంషెడ్‌పూర్ ప్రాంతాల తెలుగువారు సమీప ప్రభుత్వ ఆసుపత్రిలో వీటి వివరాలు అడగవచ్చు. హెపటైటిస్ బికి టీకా కూడా ఉంది. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయంగా రూపొందించిన టీకాను విడుదల చేసింది. శిశువుకు పుట్టిన 24 గంటలలోపు తొలి మోతాదు ఇవ్వాలి.

కొవ్వు కాలేయానికి తొలి చికిత్స బరువు తగ్గడమే. పదోవంతు బరువు తగ్గినవారిలో మచ్చ కూడా తగ్గే అవకాశం హెచ్చు. భారత్‌లో 2020లో సారోగ్లిటజార్‌కు, అమెరికాలో 2024లో రెస్మెటిరోమ్‌కు, 2025లో సెమాగ్లూటైడ్‌కు కొవ్వు వల్ల కలిగే కాలేయవాపు చికిత్సకై అనుమతి లభించింది. ఇవి సిర్రోసిస్‌కు ఉద్దేశించినవి కావు.

మచ్చను నేరుగా కరిగించే మందు ఇంకా అందుబాటులోకి రాలేదు. రోగి రక్తం నుండి తయారుచేసిన మాక్రోఫేజ్ కణాలను తిరిగి అతనికే ఎక్కించే విధానాన్ని ఎడిన్‌బరో పరిశోధకులు పరీక్షిస్తున్నారు. కాలేయం పూర్తిగా విఫలమైతే మార్పిడియే శరణ్యం.

కామెర్లు కనబడగానే పసరు మందుకు వెళ్లడం మన ఇళ్లలో పాత అలవాటు. హెపటైటిస్ ఎ వంటి కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. ఆ ఖ్యాతి పసరుకు దక్కుతుంది. కారణం వేరైతే మాత్రం విలువైన కాలం చేజారుతుంది. పారాసెటమాల్ మోతాదు మించినప్పుడు ఎసిటైల్‌సిస్టీన్ మందు 8 గంటలలోపు అందితే కాలేయాన్ని కాపాడగలదు. పొట్ట ఉబ్బడం, రక్తపు వాంతి, మతి తడబాటు కనిపిస్తే తక్షణం ఆసుపత్రికి చేర్చాలి.