కుండీలో కాఫీ చెట్టు: సిద్దిపేట ఎండలో బోన్సాయ్ నిలబడాలంటే

కాఫీ మొక్కను బోన్సాయ్‌గా పెంచొచ్చా? పెంచొచ్చు. సిద్దిపేటలో పెంచొచ్చా? అదీ పెంచొచ్చు, కానీ మొదటి మే నెల దాటించగలగాలి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి, హైదరాబాద్ నర్సరీల నుంచి తెచ్చుకుని ముచ్చటగా పెట్టుకున్న కాఫీ మొక్కలు చాలావరకు ఎండిపోయేది ఆ ఒక్క నెలలోనే. మిగిలినవాటిని బోరు నీళ్లు మెల్లగా దెబ్బతీస్తాయి. కత్తెర పట్టి కొమ్మలు తీర్చిదిద్దడం ఆ తర్వాతి సంగతి.

ముందు ఈ మొక్క ఎక్కడిదో చూద్దాం. పేరు అరబికా అయినా పుట్టిల్లు అరేబియా కాదు, ఇథియోపియా కొండ అడవులు. పెద్ద చెట్ల నీడలో పెరిగే చిన్న చెట్టు ఇది. దాన్ని తోటలుగా పెంచి, కహ్వాగా కాచి లోకానికి అలవాటు చేసింది యెమెన్. 15వ శతాబ్దంలో అక్కడి సూఫీలు రాత్రి ఇబాదత్‌లో నిద్ర రాకుండా దీన్ని తాగేవారు. హజ్‌కు వెళ్లిన బాబా బుడన్ తిరిగి వస్తూ యెమెన్‌లోని మోఖా రేవు నుంచి 7 గింజలు దాచి తెచ్చారని, కర్ణాటకలోని చిక్కమగళూరు కొండల్లో నాటారని 17వ శతాబ్దపు కథగా చెబుతారు. ఆ కొండలకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. అక్కడి దర్గాకు ముస్లింలూ హిందువులూ వెళ్తారు.

ఈ కథలో బోన్సాయ్ పెంచేవాళ్లకు పనికొచ్చే పాఠం ఒకటి ఉంది. అరబ్బు వ్యాపారులు గింజలు మొలకెత్తకుండా ఉడికించో, వేయించో అమ్మేవారని చెబుతారు. కథ ప్రకారం బాబా బుడన్ తెచ్చినవి పచ్చి గింజలు. కిరాణా కొట్లో దొరికే వేయించిన గింజ ఎన్ని రోజులు నీళ్లు పోసినా మొలవదు. పాతబడిన పచ్చి గింజ కూడా మొలవడం కష్టమే, ఎందుకంటే కాఫీ విత్తనానికి ఆయుష్షు తక్కువ. పండు కోసిన రెండు నెలల లోపు నాటితేనే నమ్మకం. "కాఫీ సీడ్స్" అని ప్యాకెట్‌లో పోసి అమ్మేవాటిని ఎప్పుడు కోశారో చెప్పకపోతే డబ్బులు పెట్టొద్దు.

తాజా గింజ దొరికితే బోర్లించి, అంటే చదునుగా ఉన్న వైపు కిందికి పెట్టి, ఒక సెంటీమీటర్ లోతున నాటాలి. మొలవడానికి దాదాపు 45 రోజులు పడుతుంది. మొలక నిటారుగా లేచి, గింజ పొట్టును తలమీద పెట్టుకుని నిలబడుతుంది. కాఫీ తోటల్లో దీన్ని టోపీ దశ అంటారు. మొలకను సంచిలోకి మార్చడానికి అదే సరైన సమయం. ఇంత ఓపిక లేనివాళ్లు జూన్, జూలైలో పెరిగిన మొక్కనే కొనుక్కోవడం నయం. చూడ్డానికి గుబురుగా ఉంటుందని కొన్ని నర్సరీలు ఒకే కుండీలో నాలుగైదు మొలకలు కలిపి పెడతాయి. ఇంటికి తెచ్చాక, వానకాలంలోనే, వాటిని వేళ్లు తెగకుండా విడదీసుకోవాలి. ఒక కుండీ కొంటే నాలుగు మొక్కలు వచ్చినట్టే, లాభమే.

అరబికానా, రోబస్టానా అని అడిగి తీసుకోండి. రోబస్టా వేడిని కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. కానీ ఒంటరిగా ఉంటే కాయదు, పక్కన మరో రోబస్టా మొక్క పుప్పొడి కావాలి. పైగా ఆకులు మరీ పెద్దవి. అరబికా తన పూలతో తానే కాయగలదు. ఇంట్లో ఒక్క కుండీయే పెట్టుకునేవాళ్లకు అరబికాయే సరి. కాఫీ బోర్డు 2007లో విడుదల చేసిన చంద్రగిరి రకం గుబురుగా, కాస్త పొట్టిగా పెరుగుతుంది. దొరికితే అది మేలు.

ఎండ, నీళ్లు

అరబికాకు ఇష్టమైన వేడి 15 నుంచి 25 డిగ్రీలు. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడ కూడా సిల్వర్ ఓక్ చెట్ల నీడలోనే కాఫీ పెంచుతారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిద్దిపేటలో ఎండకాలం 40 డిగ్రీలు దాటడం మామూలే. ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్న జిల్లా అయినా, కాఫీ ఇక్కడి పొలాల పంట కాకపోవడానికి కారణం ఇదే. పొలంలో కుదరనిది కుండీలో కుదరొచ్చు. కుండీని జరపొచ్చు కదా!

మిద్దెతోట ఉన్నవాళ్లు చేసే మొదటి తప్పు, మిగతా కుండీలతో పాటు దీన్నీ డాబా మీద పెట్టడం. మార్చి నుంచి వానలు పడేదాకా ఇది కిందనే ఉండాలి. తూర్పు వైపు వరండా, పొద్దున ఎనిమిది దాకా లేత ఎండ, తర్వాత పూర్తి నీడ. వేపచెట్టు కిందైతే ఇంకా మంచిది. గ్రీన్ నెట్ వెలుతురును తగ్గిస్తుంది గానీ వడగాలిని ఆపదు, అందుకని నెట్ కట్టాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు. బోన్సాయ్ పళ్లెంలో మట్టి తక్కువ కాబట్టి గంటల్లో వేడెక్కిపోతుంది. పళ్లేన్ని ఇసుక నింపిన పెద్ద తొట్టిలో సగం దాకా కూర్చోబెట్టి, ఇసుక తడుపుతూ ఉంటే వేళ్లు చల్లగా ఉంటాయి. ఆకు అంచులు కాలినట్టు గోధుమ రంగుకు తిరిగితే ఎండో, వడగాలో, ఉప్పు నీళ్లో తగిలినట్టు. ఆ ఆకు మళ్లీ పచ్చబడదు. కొత్త ఆకు కోసం చూడాల్సిందే.

నీళ్ల సంగతి ఇంతకన్నా ముఖ్యం, ఎందుకంటే ఇది కంటికి ఆలస్యంగా కనపడుతుంది. కాఫీకి కాస్త పుల్లని నేల కావాలి, పీహెచ్ 6 నుంచి 6.5 మధ్య. మన బోరు నీళ్లలో సున్నం, లవణాలు ఎక్కువ. ఆ నీళ్లు ఆరు నెలలు పోస్తే మట్టి క్షారంగా మారి, అందులో ఇనుము ఉన్నా వేరు దాన్ని తీసుకోలేదు. లేత ఆకులు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. చాలామంది దీన్ని చూసి ఎరువు తక్కువైందని ఇంకో గుప్పెడు వేస్తారు, పరిస్థితి ఇంకా పాడవుతుంది. ముదురు ఆకులు ముందు పసుపుపచ్చగా మారితే అది వేరే సంగతి, అప్పుడు నత్రజని తక్కువైందని అనుకోవచ్చు.

వాన నీళ్లు డ్రమ్ములో పట్టి ఉంచుకుంటే అంతకన్నా మంచివి లేవు. లేదంటే మిషన్ భగీరథ నల్లా నీళ్లు. గజ్వేల్ దగ్గరి కోమటిబండలో 2016 ఆగస్టులో మొదలైన ఆ పథకం నీళ్లు భూగర్భానివి కావు, బోరుతో పోలిస్తే మెత్తన. ఒక రాత్రి బకెట్లో నిలవ ఉంచి పోయండి, క్లోరిన్ పోతుంది. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లను మాత్రం అస్సలు పోయొద్దు. వృథా ఎందుకని చాలా ఇళ్లలో అవే మొక్కలకు పోస్తుంటారు. లవణాలన్నీ ఆ నీళ్లలోనే చేరి ఉంటాయి.

పై మట్టి వేలితో తాకితే కాస్త ఆరినట్టు అనిపించాకే నీళ్లు పోయాలి. కింది రంధ్రం నుంచి కారేదాకా పోయాలి. ఇంట్లో దాదీ ఒకసారి, పిల్లలు ఒకసారి, వచ్చినవాళ్లు ఒకసారి పోస్తే వేరు కుళ్లుతుంది. ఒక్కరే చూసుకోవడం మంచిది.

కత్తెర పట్టే ముందు

బోన్సాయ్ పుస్తకాల్లో రాసే నియమాలు చాలావరకు మర్రి, రావి, జువ్విలాంటి చెట్ల కోసం. వాటిని ఎక్కడ కత్తిరించినా చిగురిస్తాయి. కాఫీ అలా కాదు. దీనికి రెండు రకాల కొమ్మలు: నిటారుగా పైకి పోయే కాండం, దాని నుంచి జంటలు జంటలుగా అడ్డంగా వచ్చే పక్క కొమ్మలు. కాండం మీద ఒక్కో ఆకు మొదట్లో ఒక్కసారే పక్క కొమ్మ పుడుతుంది. దాన్ని మొదలంటా తీసేస్తే ఆ చోట మళ్లీ పక్క కొమ్మ రాదు. నిటారుగా లేచే పిలక మాత్రమే వస్తుంది. అందంగా లేదని కింది కొమ్మ తీసేసేముందు రెండు రోజులు ఆలోచించుకోండి, ఆ ఖాళీ ఎప్పటికీ అలాగే ఉంటుంది.

తల తుంచడానికి భయపడక్కర్లేదు. కొన తుంచితే ఎత్తు ఆగి, పక్క కొమ్మలు బలపడతాయి. తుంచిన చోటి కింద పిలకలు లేస్తాయి, అవసరం లేనివి వేలితో గిల్లేయాలి. నిజానికి కాఫీ తోటల్లో జరిగేదీ ఇదే. వదిలేస్తే పెద్ద చెట్టయ్యే అరబికాను మొదట 75 సెంటీమీటర్ల దగ్గర, తర్వాత 135 నుంచి 150 సెంటీమీటర్ల దగ్గర తల తుంచి, పిలకలు తీసి, మనిషి చేతికి అందేలా ఉంచుతారు. బోన్సాయ్ పెంచేవాళ్లు ఆ పనినే ఇంకాస్త కిందికి దించుతారు.

కాండం వంపు తిరగాలంటే రెండు దారులు. లేతగా, పచ్చగా ఉన్నప్పుడు అల్యూమినియం తీగ చుట్టి మెల్లగా వంచడం ఒకటి. ముదిరాక వంచితే పుటుక్కున విరుగుతుంది. రెండోది, కాండాన్ని తుంచి, ఒక పక్కకు లేచిన పిలకను కొత్త కాండంగా పెరగనివ్వడం, ఏడాది తర్వాత దాన్నీ తుంచి ఎదురు వైపు పిలకను ఉంచడం. ఆలస్యమైనా సహజంగా కనిపించేది ఇదే. పక్క కొమ్మను కత్తిరించి వేళ్లు తెప్పిస్తే అది చెట్టులా పైకి పెరగదు, అడ్డంగానే పాకుతుంది. అంటు పెట్టాలంటే నిటారు పిలకనే వాడాలి.

ఆకు దాదాపు 10 నుంచి 15 సెంటీమీటర్ల పొడవుంటుంది. ఎంత కత్తిరించినా అది అంతగా చిన్నబడదు. అరచేతిలో పట్టే కాఫీ బోన్సాయ్ అని చూపే ఫోటోలు చూసి ఆశపడొద్దు, అవి ఎక్కువగా లేత మొలకలే. 45 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు పెట్టుకుంటేనే ఆకుకూ చెట్టుకూ పొత్తు కుదురుతుంది.

మొదటి రెండు మూడేళ్లు బోన్సాయ్ పళ్లెం జోలికి వెళ్లొద్దు. కాండం లావయ్యేదాకా లోతైన మట్టి కుండీలోనే ఉంచాలి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కోకోపీట్, దొడ్డు ఇసుక కలిపితే నీరు నిలవకుండా ఉంటుంది. తల్లివేరును ఒక్కసారే సగానికి నరకకుండా, రెండేళ్లకోసారి కుండీ మార్చినప్పుడల్లా కొంచెం కొంచెం పొట్టి చేయాలి. ఒక్కసారికి మూడో వంతు వేళ్లకు మించొద్దు. ఈ పని ఎప్పుడైనా వానకాలం మొదట్లోనే. తెల్లటి దూది లాంటి పిండినల్లి కనిపిస్తే తడి గుడ్డతో తుడిచి, సబ్బు నీళ్లలో కలిపిన వేపనూనె సాయంత్రం పూట చల్లితే చాలు.

పూలు, కాయలు

మూడు, నాలుగేళ్లకు పూలు రావొచ్చు. ఆకు మొదళ్లలో తెల్లగా గుత్తులు గుత్తులుగా, మల్లెను గుర్తుచేసే వాసన. నిలిచేది రెండు మూడు రోజులే. తోటల్లో కొన్నాళ్లు ఎండి, తర్వాత వేసవి జల్లు పడితే వారం పది రోజుల్లో పూస్తాయి. ఇంట్లో కూడా చలికాలం చివర్లో నీళ్లు కాస్త తగ్గించి, ఆకు వాడకముందే ఒకసారి దండిగా పోసి చూడొచ్చు. ఆ సమయానికి వేడి ముదిరితే మొగ్గలు విచ్చుకోకుండా ఆకుపచ్చ నక్షత్రాల్లా మిగిలిపోతాయి. అలా అయితే ఆ ఏడు కాయలు తక్కువే.

పూత నిలిస్తే పండడానికి 8, 9 నెలలు. ఇక లెక్క. ఒక కప్పుకు 10 గ్రాముల పొడి అనుకుంటే దాదాపు 75 గింజలు, పండుకు రెండు చొప్పున 40 పండ్ల దాకా కావాలి. బోన్సాయ్ మంచి ఏడాదిలో పిడికెడు కాస్తుంది. ఇంటిల్లిపాదికీ కాఫీ అని చెప్పి అమ్మేవాళ్లను నమ్మొద్దు. పండు తొక్క తియ్యగా ఉంటుంది. యెమెన్‌లో ఆ తొక్కనే ఎండబెట్టి, అల్లం వేసి కాచి "కిష్ర్" అని తాగుతారు. నర్సరీలో మందు కొట్టిన మొక్కైతే మొదటి ఏడాది కాయలను నోట్లో పెట్టుకోవద్దు.

ఎర్రగా పండినవే కోసి, తొక్క తీసి, గింజలను ఒకటి రెండు రోజులు నీళ్లలో నానబెట్టి జిగురు కడిగేయాలి. వేయించుకునేవాటిని ఎండబెట్టి, పైపొర ఒలిచి, మందపాటి కడాయిలో సన్నని మంట మీద తిప్పుతూ వేయించాలి. నాటుకోవడానికి నాలుగైదు గింజలను పైపొరతోనే నీడలో ఆరబెట్టి పక్కన పెట్టుకోండి. పండ్లు జనవరిలో కోస్తే ఆ గింజలు మార్చి లోపే మట్టిలో పడాలి.